ఊపిరి వినపడని పాట

పదకొండోసారి కూడా పాట ఒక్క తప్పు లేకుండా వచ్చింది. అయినా రోజెట్టా మొహం మాడ్చుకునే ఉంది.

మైకు ముందు నిలబడ్డ శ్యామల, రెండు గదుల మధ్య ఉన్న గాజు అద్దంలోంచి ఆ మొహాన్నే చూస్తోంది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. ఇటాలియన్ మాటల్లో ఒక్క ఒత్తు కూడా జారలేదు. ఆల్బమ్‌లోని పది పాటలనీ తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. ప్రతి పంక్తి కిందా అర్థం, ఊపిరి తీసుకోవాల్సిన చోట చిన్న గీత. ఇంకేం కావాలి ఈవిడకి?

రోజెట్టాకి అరవై దాటాయి. ఇటాలియన్లు వలస వచ్చి స్థిరపడ్డ వుడ్‌బ్రిడ్జ్‌లో, టైల్స్ షాపు వెనకాల ఈ స్టూడియో ఆమెదే. ఏడాది కిందట ఒక బాంక్వెట్ హాల్లో, పెళ్ళివారి ఎంగిలి ప్లేట్లు తీస్తూ, బ్యాండ్ వాయిస్తున్న ఇటాలియన్ పాటని కూనిరాగం తీస్తున్న శ్యామలని ఆమే విని, ఆపి, పేరడిగింది. అట్ట మీద శ్యామల బొమ్మతో ఆల్బమ్ చేద్దామంది. బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో శ్యామలతో ఉండే అయిదుగురు అమ్మాయిలూ పడీపడీ నవ్వారు. "ఇటాలియన్‌లో ఆల్బమా? ముందు కాలేజీలో ప్రెజెంటేషన్ ఇంగ్లీషులో ఇవ్వవే తల్లీ!" అని వాళ్ళలో ఉన్న బేబీ ఆటపట్టించింది. తనతోపాటు సెప్టెంబర్‌లో చదువుకని ఈ దేశంలో దిగిన వాళ్ళందరూ ఆదివారం వేర్‌హౌస్ షిఫ్టులకి పరిగెడుతుంటే, శ్యామల మాత్రం రెండు బస్సులు మారి ఇక్కడికి వస్తోంది.

రోజెట్టా తన మాట లోపలికి వినపడే బటన్ నొక్కి ఇంగ్లీషులో అంది. "చాలా శుభ్రంగా ఉంది. కానీ ఇందులో ఎవరూ లేరు." కాఫీకి లేచి వెళ్ళిపోయింది.

శ్యామలకి చిర్రెత్తుకొచ్చింది. తలుపు తోసుకుని వంశీధర్ దగ్గరికి వచ్చింది. అతను వరంగల్ మనిషి. వారమంతా నార్త్ యార్క్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని చేసి, ఆదివారం సరదాకి ఇక్కడ రికార్డింగ్ చూసుకుంటాడు.

"ఎవరూ లేరంటే ఏంటన్నయ్యా? మరి ఇంతసేపూ పాడింది దెయ్యమా?"

"గరం గాకు. ఆమెకు పాట కాదు, కొట్లాట కావాలె. పాట ఏంది? అక్కకు చెప్పకుండ అమ్మ కాఫీ కెటిల్‌ని చెల్లె ఎత్తుకపోయింది, అక్క ఫోన్ చేసి తిడ్తది. నువ్వేమో కస్టమర్ కేర్‌ల మాట్లాడినట్టు అడుగుతున్నవ్."

"నాకు నవ్వొచ్చేలా లేదు."

"ఇంకొకటి చెప్తా, ఫీల్ కాకు." వంశీధర్ గొంతు తగ్గించాడు. "డానియేలా అని ఇంకో సింగర్ ఉంది, ఇయ్యాల కాకుంటే ఆమెను పిలుస్తదట. నీ పాట వినిపించి, ఆమెతోని పాడిస్తదట. పది పాటలూ."

నీ పాట వినిపించి, ఆమెతో.

శ్యామల స్టూలు మీద కూలబడింది. హైదరాబాదులో నాలుగేళ్ళు ఆమె చేసిన పని అదే. సినిమా పాటకి ముందుగా ట్రాక్ పాడేది. పేరున్న గాయని తీరిక చేసుకుని వచ్చి, అది విని నేర్చుకుని, దాని మీద తన గొంతు పెట్టి వెళ్ళేది. అక్కడి రికార్డిస్టు వీర్రాజుగారు మొదటిరోజే చెప్పారు. "ట్రాక్ పాడేవాళ్ళకి ఊపిరి వినపడకూడదమ్మా. నువ్వు దారి చదును చేసి పెట్టు చాలు. నడిచేవాళ్ళు వేరే ఉన్నారు." ఆ మాటని ఆమె వరంలా పట్టుకుంది. నీ అంత సాఫీగా ఎవరూ పాడరని అంటే పొంగిపోయేది. సినిమా విడుదలయ్యాక ఆ పాటల్లో తన గొంతు ఎక్కడా ఉండేది కాదు. ఉండకూడదు కూడా.

"అన్నయ్యా, ఇందాకటిది ఒకసారి పెట్టు."

విన్నది. ఎవరో పరాయి మనిషి పాడినట్టు చెవి పెట్టి విన్నది.

"పాటలో నా ఊపిరి చప్పుడు తీసేశావా?"

"నేనేం తియ్యలే. తియ్యనీకి ఉంటే గద!"

తన సొంత ఆల్బమ్‌లో, తన సొంత పాటలో, ఆమె ఇంకెవరికోసమో చదును చేస్తూనే ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? వీర్రాజుగారు మంచివారు. రోజెట్టా ఉన్నమాటే అంది. తిట్టడానికి మనిషి దొరకని కోపం గొంతులోనే ఉండిపోయింది.

రోజెట్టా కప్పుతో తిరిగొచ్చింది. "ఇంకొక్కసారి," అంది శ్యామల. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

నోటుపుస్తకం వంశీధర్ ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళింది. మొదటి రెండు పంక్తులూ ఎప్పటిలాగే వచ్చాయి. మూడో పంక్తిలో, గీత లేని చోట, కెటిల్ అనే మాట మధ్యలో ఊపిరి చాలలేదు. గట్టిగా, ఎగశ్వాసలా, లోపలికి లాగింది. స్వరం కిందికి జారింది. తప్పు పడితే ట్రాక్ పాడేవాళ్ళు చెయ్యెత్తుతారు, రికార్డింగ్ ఆగుతుంది. శ్యామల కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కిందికి గుంజింది. గుంజుకుంటూనే పాడింది. ఆ చేతుల పెనుగులాట గొంతులోకి పాకింది, చివరిదాకా వదల్లేదు.

పాట అయ్యాక రోజెట్టా కప్పు కింద పెట్టింది.

"మూడో లైన్ జారింది," అన్నాడు వంశీధర్. "రెండు నిమిషాల పని. కంప్యూటర్‌ల ఆ స్వరం పైకి లాగేస్తా."

లాగేయమని శ్యామల ఒళ్ళంతా అరుస్తోంది. పంటి కింద రాయిలా ఉందా స్వరం.

"ముట్టుకోకు," అంది పళ్ళ బిగువున.

రోజెట్టా తలూపింది. "డానియేలా వద్దు. ఇదే ఉంటుంది. కానీ మిగతా తొమ్మిది పాటలూ మొదటినుంచి మళ్ళీ."

"తొమ్మిదీనా?"

"తొమ్మిదీ."

బస్సులో సీటు దొరికింది. శ్యామల సంతోషపడాలని చూసింది, కుదర్లేదు. జారిన ఆ స్వరమే చెవిలో ముల్లులా కెలుకుతోంది. నోటుపుస్తకం తెరిచి మొదటి పాటలో ఊపిరి గీతల్ని వేలితో రుద్దింది. అవేమో పెన్నుతో గీసినవి, ఒక పట్టాన పోవు.