గడిలో లేని నడుము

రాసిందే మళ్ళీ రాయడమంటే యోహానుకు ఒళ్ళుమంట. అందుకే నల్లగొండలో కంప్యూటర్ దుకాణం తెరిచిన తొంభై ఆరులోనే ప్రోగ్రాములకు కావలసిన, తెర మీద వివరాలు నింపే గడులను విడివిడిగా తయారుచేసి పెట్టుకున్నాడు. ఊరి పేరుకో గడి, పుట్టిన తేదీకో గడి. తప్పు తేదీ కొడితే గడి ఒప్పుకోదు, లేని ఊరు కొడితే ముందుకు పోనివ్వదు. ఎవరు ఏ ప్రోగ్రాము అడిగినా ఆ గడులను ఫ్లాపీలోంచి తీసి అతికించడమే. తోటివాళ్ళు ప్రతిదీ మొదటినుంచి రాస్తూ కుస్తీ పడుతుంటే ఇతగాడు కాలు మీద కాలేసుకుని చాయ్ తాగేవాడు. గర్వం కాస్త ఎక్కువే ఉండేది, లేదనడానికి లేదు.

వాటిలో 'వైకల్యం' అనే గడి ఒకటి. మొదట జడ్చర్లలో ఒక సేవాసంఘం కోసం చేశాడు. నొక్కితే నాలుగు మాటలు కనిపిస్తాయి: చూపు, వినికిడి, చేయి, కాలు. అందులో ఒకటి ఎంచుకోవాల్సిందే, సొంతంగా ఏమీ రాయడం కుదరదు. అదే గడిని దేవరకొండలో ఇంకో సంఘానికిచ్చాడు, ఆ తర్వాత నల్లగొండ మార్కెట్ యార్డులో వికలాంగుల శిబిరం పెట్టినవాళ్ళకూ ఇచ్చాడు. గడి నిండితే టోకెన్ వస్తుంది. టోకెన్ ఉంటేనే డాక్టర్ చూస్తాడు, డాక్టర్ సంతకం పెడితేనే పట్నం దవాఖానకు పోయి రావడానికి ఉచిత బస్ పాస్.

శిబిరం రోజు యోహాను జడ్చర్లలో వేరే పని మీద ఉన్నాడు. శిబిరంలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన ఖమర్ అనే అమ్మాయి మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"సార్, ఒకామె వచ్చింది. నడుం మొత్తం వంగింది, మెడ లేస్తలేదు. ఏది నొక్కాలె?"

"లిస్టుల ఉన్నదా?"

"లేదు సార్."

"లేకుంటే లేనట్టే. ముసలోళ్ళకు నడుం వంగదా ఏంది? వాపస్ పంపియ్, లైన్ ఆపకు."

ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి ఆ మాట అన్నట్టు కూడా గుర్తులేదు.

ఆదివారం ఊరికి పోయాడు. వాళ్ళ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. పిల్లలకు పళ్ళు గారపడతాయి, పెద్దవాళ్ళకు నలభై దాటకుండానే కీళ్ళు బిగుసుకుంటాయి. తల్లి జానమ్మ నడుము వంగి చాలా కాలమైంది. నడుస్తుంటే ఆమెకు కనిపించేది కాళ్ళ ముందున్న నేల మాత్రమే. ఈమధ్య వేళ్ళు తిమ్మిరెక్కి ముద్ద జారిపోతోంది. పట్నంలో చూపించకపోతే చేతులు కూడా పడిపోతాయని ఊళ్ళో మందులిచ్చే ఆయన హెచ్చరించాడు. తీసుకుపోతానని యోహాను అంటూనే ఉన్నాడు, పని తెమలడం లేదు.

మంచం మీద కూర్చున్న కొడుక్కి కంచం అందిస్తూ జానమ్మ చెప్పింది.

"నల్లగొండల క్యాంపుకు పోయొచ్చిన బిడ్డా. నీకెందుకు తక్లీఫని చెప్పలే. పాస్ ఇస్తే నేనే పట్నం పోదామనుకున్న. మిషన్ల నా రోగం లేదన్నరు."

యోహాను చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పక్కింటి మైసయ్య గూడ వచ్చిండు, ఇంకా నడుం వంగిన మనోళ్ళు శానమంది. నాకే లేదంటే వాళ్ళకేముంటది? నా కొడుకు చేసిన మిషను ఉత్తగ చెప్పదని నేనే చెప్పిన. అందరం అదే జీపుల వాపస్ వచ్చినం."

ఆ నాలుగు మాటలు రాసిన రోజు గుర్తొచ్చింది యోహానుకు. కన్ను, చెవి, చేయి, కాలు అని తన ఒంటినే తడుముకుంటూ రాశాడు. నడుము తట్టలేదు. వాళ్ళ ఊళ్ళో వంగిన నడుము వైకల్యం కాదు మరి, వయసు పైబడితే జుట్టు నెరిసినట్టే అదీను. కన్నతల్లినే మరిచిపోయిన గడిని పట్టుకుని మూడు ఊళ్ళు తిరిగాడు, పైగా గొప్పలు పోయాడు. దేవరకొండలో ఎందరు వెనక్కి పోయారో, జడ్చర్లలో ఎందరు పోయారో! ఒక్కచోట రాసి అంతటా అతికించినవాడి తప్పు కూడా అంతటా అతుక్కుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పు నాదేనమ్మా. గా లిస్టు నేనే రాసిన. నీ నడుం నాకు యాదికి రాలే."

"మనూర్ల అందరం గిట్లనే ఉంటిమాయె. ఎట్ల యాదికొస్తది?"

తిట్టినా బాగుండేది. "రేపే పట్నం పోదాం. మైసయ్యను గూడ తోల్కపోదాం. మూడు జాగాలకు నేనే పోయి లిస్టు మారుస్త" అన్నాడు గబగబా. అంతటితో ఆగితే సరిపోయేది. కానీ వాపస్ పంపమని ఫోన్లో తానే అన్న సంగతి, ఇప్పుడు గుర్తొచ్చినా, బయటపెట్టలేదు. తల్లి మెడ పైకి లేవదు, తన ముఖం ఆమెకు కనిపించదు. ఆ ధైర్యంతోనే ఇంకో మాట అన్నాడు. "గా కంప్యూటర్ కాడి కొత్త పిల్లకు తెల్వలే. నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె."

 జానమ్మ వంకర వేళ్ళతో చెంబు అతని వైపు జరిపింది.

"గా పిల్లనేమనకు బిడ్డా. ఫోన్ జేసినప్పుడు నేను పక్కనే ఉన్న. నీ గొంతు ఇనపడ్డది. అమ్మనని చెప్తే నలుగుర్ల నీ ఇజ్జత్ పోతదని మెల్లగ బయటికొచ్చిన."

యోహాను కంచం పక్కన పెట్టి మంచం దిగాడు. నేల మీద, తల్లి చూపు ఆనే చోట కూర్చున్నాడు.

"నేనేనమ్మా" అన్నాడు. "నేనే వాపస్ పంపిచ్చిన."