కుడి పక్క అర్ధంగుళం

కారు వెనక చక్రాల సందు కొలిచేటప్పుడు టేపు ఒక్క పక్కే పట్టానన్న సంగతి నాడీన్‌కి ఆర్వల్ టైర్ల కొట్టుకి వచ్చాక గానీ తట్టలేదు.

"ఎడమ పక్క బాగానే కొలిచావు. మరి కుడి పక్కో?" అన్నాడు ఆర్వల్, పొట్ట మీద చేతులు తుడుచుకుంటూ.

"రెండు పక్కలూ ఒకటే కదా."

"ఓసి పిచ్చి తల్లీ! పంతొమ్మిదివందల డెబ్బయ్యో సంవత్సరం కారమ్మా ఇది. ఆ రోజుల్లో ఏ కారు రెండు పక్కలా సమానంగా వచ్చింది? ఇరుసు ఎటో ఒకవైపు వాలే ఉంటుంది."

ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషికి ఆ మాత్రం తెలియకపోయింది. మూల కుర్చీలో కూర్చున్న మొగుడు వెర్లిన్ వైపు చూడలేకపోయింది. ఆ కారుకి ముదురాకుపచ్చ రంగు వేసింది అతనే. పొర మీద పొర, ఒక శీతాకాలమంతా గరాజులో. ఆ మరుసటేడే అతని చేతులకి వణుకు పట్టుకుంది. ఆ రంగు పెచ్చు లేచిందా, మళ్ళీ వేసే చెయ్యి లేదు.

కుడి చక్రం ఊడదీసి, నాడీనే టేపు పట్టింది. అర్ధంగుళం తక్కువ. కొనాలనుకున్న పదకొండంగుళాల వెడల్పు టైరుకి ఎడమ పక్క వేలు దూరే సందు, కుడి పక్క కాగితం కూడా దూరదు. అది ఎక్కిస్తే మొదటి గుంటలోనే మడ్‌గార్డుకి రాసుకుంటుంది.

"పోనీ, ఆ మడ్‌గార్డు అంచుని లోపలికి మడిచేద్దామా? అందరూ చేసే పనే," అన్నాడు ఆర్వల్.

"రంగు పగలదూ?"

"పగలొచ్చు," అన్నాడు ఆర్వల్.

"మడిచెయ్యి. వెనకనించి చూస్తే ఆంబోతులా ఉండాలి బండి. రంగుదేముంది!" అన్నాడు వెర్లిన్.

రంగుదేముందిట! ఆ మాట అంటూ అతను చేతులు తొడల కింద దాచుకోవడం నాడీన్ చూసింది.

"నోరు ముయ్యవయ్యా," అంది. "ఆర్వల్, ఈ రిమ్ముకే పదంగుళాల టైరు పడుతుందా?"

"భేషుగ్గా పడుతుంది. కుడి పక్కన కూడా అంగుళంలో మూడోవంతుకి పైనే సందు మిగులుతుంది. కానీ డిక్కీలో బస్తాలేసి రైలు పట్టాలు దాటిస్తే గానీ నేను మాటివ్వను."

"ఆంబోతు కాదు, ఆవుదూడ," అని గొణిగాడు వెర్లిన్.

టైర్లు ఎక్కాయి. కారు కిందికి దిగింది. మడ్‌గార్డు లోపలి అంచుకి సుద్ద రాయాలి. టైరు తగిలితే సుద్ద చెరుగుతుంది, అదే సాక్ష్యం. ఎడమ పక్క నాడీన్ రాసింది. కుడి పక్కకి వెర్లిన్ చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు. నా బండి."

గీత వానపాములా మెలికలు తిరిగింది.

డిక్కీలో నాలుగు ఉప్పు బస్తాలు వేశారు. వెనక సీట్లో కుడి పక్క ఆర్వల్ కూర్చుంటే బండి మూలిగింది.

"నిన్ను మించిన తూకపురాయి ఈ కౌంటీలో లేదురా," అన్నాడు వెర్లిన్, ముందు సీట్లో సర్దుకుంటూ.

"మీ ఆవిడ నడుపుతోంది. నా ప్రాణం గురించి ఆలోచించుకోనీ."

మొక్కజొన్న గిడ్డంగి దగ్గర రైలు పట్టాలు ఎత్తుగా ఉంటాయి. గ్లాసులో పాలు తొణకకూడదన్నట్టు నెమ్మదిగా పోనిచ్చే నాడీన్, ఆవేళ కావాలనే వేగంగా ఎక్కించింది. బండి ఎగిరిపడింది. ఆర్వల్ తల పైకప్పుకి కొట్టుకుంది. ఆమె చెవులు మాత్రం కుడి చక్రం దగ్గరే ఉన్నాయి. వెనక్కి తిప్పి మళ్ళీ దాటించింది. రబ్బరు రాసుకున్న చప్పుడు లేదు.

అయినా పక్కకి ఆపి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని తొంగి చూసింది. సుద్ద గీత ఉంది. ఒక్క మెలిక కూడా చెరగలేదు.

రోడ్డు మీదే చతికిలబడిపోయింది నాడీన్.

"ఏమైందే?" అన్నాడు వెర్లిన్ కంగారుగా.

"ఏమీ కాలేదు. ఏమీ కాలేదయ్యా!"

అతను దిగి వచ్చి వంగి చూశాడు. బండి వెనక్కి నడిచి, తల వాల్చి అక్కణ్ణించీ చూశాడు.

"ఆవుదూడైనా బలంగానే ఉంది," అన్నాడు.

ఇంటికెళ్ళాక నాడీన్ ఎడమ పక్క సుద్దని తడిగుడ్డతో తుడిచేసింది. కుడి పక్కది అలాగే ఉంచింది.