సమ్మమ్మ సంతకం

సుకన్య పదకొండేళ్లుగా ఆటగాళ్ల జెర్సీల మీద పేర్లు అతికిస్తోంది గానీ, తెలుగు అక్షరం ఒక్కటీ కత్తిరించి ఎరుగదు. హనుమకొండ చౌరస్తా దగ్గరి ఆమె దుకాణానికి వచ్చే కాలేజీ జట్లన్నీ ఇంగ్లీషులోనే రాయించుకునేవి. గుడ్డ వెనక గమ్ షీటు అంటించి, అట్ట అచ్చులు పెట్టి గీసి కత్తిరించడం, జెర్సీ మీద ఇస్త్రీపెట్టెతో అదిమి అంచు చుట్టూ కుట్టడం. చేతికి అలవాటైపోయిన పని.

ఆ రోజు ఎనుమాముల మార్కెట్ యార్డు నుంచి సదానందం మేస్త్రీ ఎనిమిది పసుపు జెర్సీలూ ఒక కాగితమూ తెచ్చాడు. యార్డులో మిర్చి ఏరే ఆడవాళ్లు తాడు గుంజే పోటీకి దిగుతున్నారట.

"ఇంగ్లీషుల వద్దంటాన్రక్కా. ఎవలి పేరు వాళ్లు సదువుకోవాల్నట. ఇగో, సంతకాలు జేసిచ్చిన్రు. అచ్చం గిట్లనే ఉండాలె."

సరస్వతి అనే ఆమె రాసిన 'ర' గాజంత గుండ్రంగా ఉంది. సుకన్య ఎర్రగుడ్డ మీద గీసుకుని మొదలుపెట్టింది. తిన్నటి గీతలకు అలవాటుపడ్డ కత్తెర వంపు దగ్గర మొరాయించింది. రెండు 'ర'లు పాడయ్యాక ఆమెకు కిటుకు దొరికింది: కత్తెరను కదలనీయకుండా గుడ్డను తిప్పాలి. 'స' మీది తలకట్టు మాత్రం విడిగా తెగి ఒళ్లో పడింది. దాన్ని ఎంత ఎత్తున పెడితే అక్షరమవుతుందో జరిపి జరిపి చూసుకుంది.

ఏడు పేర్లు అయ్యాయి. ఎనిమిదో సంతకం దగ్గర చెయ్యి ఆగింది. 'స', 'మ', ఆ పక్కన ఒక వంకర తోక. కింద సదానందం పెన్సిల్‌తో 'సమ్మమ్మ' అని రాసిపెట్టాడు. ఈ తోక ఏ అక్షరం? ఫోన్ చేస్తే, "ఆమె సంతకం గంతేనక్కా" అన్నాడు. సుకన్యకు మనసొప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఎనుమాములకు ఆటో ఎక్కింది.

యార్డులో అడుగుపెట్టగానే ఘాటుకు నాలుగు తుమ్ములొచ్చాయి. యాభై దాటిన సమ్మమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, మిర్చి రాశి ముందు తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది.

"అమ్మా, గీ మూడోది ఏమక్షరం?"

సమ్మమ్మ గుడ్డ కిందికి లాగి నవ్వింది. "అక్షరం గాదు బిడ్డా, మిరపకాయ! మా వాడకు ఒక మేడమొచ్చి సదువు చెప్పేది. రెండక్షరాలు వచ్చేసరికి సీజన్ వడ్డది, యార్డు విడిచి నేను పోలె. మేడం బదిలై పోయింది. బ్యాంకుల సంతకమడిగితే మిగిలిన జాగల నా చేతికొచ్చింది గీసిన. ఇరవై ఏండ్ల సంది గదే."

"మిగతాది చూపెట్టాల్నా?"

సుకన్య సంచిలోంచి గుడ్డముక్క, కత్తెర తీసి, అక్కడే బస్తా మీద కూర్చుని 'మ్మ' కత్తిరించింది. అక్షరమూ ఒత్తూ, ఆ రెండు ముక్కలనూ సమ్మమ్మ అరచేతిలో పేర్చింది. సమ్మమ్మ కింది ముక్కను వేలితో తడిమింది.

"గీ చిన్నది గూడ 'మ'నేనా?"

"ఆ. మీదిదాన్ని ఒత్తి పలుకుమని చెప్పుడు."

సమ్మమ్మ పెదాలు బిగించింది. "మ... మ్మ. గంతేనా! గిసొంటియి రెండు వెడితే నేనేనా?"

"'స' పక్కకు రెండు."

సమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "జెర్సీకి మిరపకాయే ఉండనియ్యి. దూరంకెల్లి మా వాళ్లు గుర్తు వడుతరు. గివి నాకియ్యి, రాసి జూస్త." ముక్కలను బొడ్డుసంచిలో వేసుకుంది.

మిరపకాయ మొన సన్నం. మిషను కుట్టు అక్కడ నిలవక, సుకన్య దాన్ని చేత్తోనే కుట్టింది.

పోటీ రోజున ఉండబట్టలేక గ్రౌండుకు వెళ్లింది. మొదటి జట్టును యార్డు ఆడవాళ్లు ఒక్క ఊపున లాగిపారేశారు. రెండో జట్టు చేతిలో ఓడి, నిమ్మరసం తాగుతూ ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వుకుంటున్నారు. సుకన్య ఒక్కొక్కరి వీపూ తడిమి చూసింది. తాడు రాపిడికి సరస్వతి పేరులో ఒత్తు ఒక మూల లేచింది. తక్కినవన్నీ గట్టిగానే ఉన్నాయి.

"బిడ్డా, గిటు రా. సక్కగొచ్చిందా?" సమ్మమ్మ పిలిచింది.

ఆమె పుల్లతో దుమ్ములో పేరు రాసింది. చివరి ఒత్తు 'మ' నెత్తిమీదికి ఎక్కి కూర్చుంది.

"కిందికి రావాలె," అంది సుకన్య, పక్కన గొంతుక్కూర్చుంటూ.

సమ్మమ్మ అరచేత్తో దుమ్ము చదునుచేసి, మళ్లీ 'స' నుంచి మొదలుపెట్టింది.