ఎడమకాలి పిల్ల చేతి గ్లౌజులు

నేను ఒక జత గ్లౌజుల్ని. చలికి వేసుకునేవో, స్కూటరు నడిపేటప్పుడు తొడుక్కునేవో అనుకునేరు. ఫుట్‌బాల్ ఆటలో గోల్ ముందు నిలబడి బంతిని ఆపే మనిషి చేతులకు తొడుక్కునే రకం. కుడి, ఎడమ అని రెండుగా పుట్టినా నాది ఎప్పుడూ ఒకటే మాట. ఇద్దరు మనుషులు ఒక మాట మీద నిలబడటం నేను ఇంతవరకూ చూడలేదు కనుక, ఈ విషయంలో నాకు కాస్త గర్వం.

జలంధర్‌లో పుట్టాను. అరచేతి వైపు మెత్తటి రబ్బరు అతికించి, వెనకవైపు నీలం గుడ్డ కుట్టి, మణికట్టు దగ్గర పట్టీ పెట్టి ప్లాస్టిక్ సంచిలో మూసేశారు. అక్కణ్ణించి సికింద్రాబాద్‌లో ఆటసామాన్ల దుకాణానికి వచ్చి, క్రికెట్ బ్యాట్ల వెనక చాలాకాలం వేలాడాను. వచ్చినవాళ్ళంతా బ్యాట్లే అడిగేవారు. ఫుట్‌బాల్ సామాను అంటే ఇక్కడ సవతి బిడ్డే అని నాకు అప్పుడే అర్థమైంది.

చివరికి నన్ను అడిగి మరీ కొన్న మహానుభావుడు జకరయ్య సార్. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఆయన, లాలాగూడ క్వార్టర్ల పక్క మైదానంలో అమ్మాయిల జట్టును తయారుచేస్తున్నాడు. ఇంట్లో మనవలున్నా ఆయన ధ్యాసంతా ఆ జట్టు మీదే. గోల్‌కీపర్ పిల్ల భుజం జారి ఆట మానేయడంతో, ఆ చోటికి ఇంకొకరు కావలసి వచ్చింది.

అందుకు ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. ఒక్కొక్క పిల్లనూ గోల్‌లో నిలబెట్టి, దగ్గరినుంచి మొహం మీదికి బంతి విసిరేవాడు. చేతులు చూడడు, కళ్ళు చూస్తాడు. బంతి మీదికొస్తుంటే కళ్ళు మూసుకునే పిల్ల గోల్‌కు పనికిరాదని ఆయన సిద్ధాంతం. ఆ రోజు అందరూ కళ్ళు మూసుకున్నారు, ఒక్క సలోమి తప్ప.

చిక్కు వచ్చింది అక్కడే. సలోమి ముందు వరసలో ఆడే పిల్ల. ఆమె పని గోల్ ఆపడం కాదు, కొట్టడం. ఎడమకాలితో ఆమె బంతి తీసుకుపోతుంటే అవతలి జట్టు వాళ్ళు కూడా ఆట మరచి చూసేవారట. ఇంటర్ చదువుతున్న ఆ పిల్లకు ఒకటే ఆశ. ఏదో ఒక రోజు పెద్ద జట్టు చొక్కా వేసుకోవాలి, ఫుట్‌బాల్ ఆడే బతకాలి. ఇంట్లో అమ్మకు, చర్చిలో పాస్టరుగారికి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెప్పేది.

"కొన్ని మ్యాచులు గోల్ల నిలవడు బిడ్డా. ఇంకో పిల్ల దొరకంగనే నిన్ను మళ్ల ముందలికి పంపిస్త" అన్నాడు జకరయ్య సార్.

సలోమి అవతలి గోల్ వైపు ఒకసారి చూసి సరేనంది. ఆయన మాట కాదనే అలవాటు ఆ జట్టులో ఎవరికీ లేదు.

నేను మాత్రం ఎగిరి గంతేశాను. ఎన్నాళ్ళకో ఒక జత చేతులు దొరికాయి మరి! సార్ ఆమెను ఇసుకలో దూకించాడు, బురదలో దొర్లించాడు, తడిసిన బంతి చేతిలోంచి జారకుండా గుండెకు హత్తుకోవడం నేర్పాడు. కొట్టే పిల్ల ఎటు కొడుతుందో సలోమికి ముందే తెలిసిపోయేది, ఆ చోట తానుంటే అటే కొట్టేది కనుక. జట్టు ఓటమి మరచిపోయింది. దాంతోపాటు ఇంకో గోల్‌కీపర్‌ను వెతకాలన్న సంగతి సార్ మరచిపోయాడు. గెలుస్తున్న జట్టులో ఎవరికేం కావాలని అడిగే మనిషిని నేనైతే చూడలేదు.

మొదట్లో ఆట అయ్యాక సలోమి నన్ను విప్పి పక్కన పెట్టి, ఖాళీ గోల్‌లోకి ఎడమకాలితో బంతులు కొట్టుకునేది. పోనుపోను అదీ మానేసింది. అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

అప్పుడు కొత్తగా మహిళల లీగ్ వచ్చింది. జట్ల పెద్దలంతా ఒకచోట చేరి, అమ్మాయిలను ఆడించి చూసి, వంతులవారీగా ఎంచుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్ అన్నారు. డ్రాఫ్ట్‌కు బస్సెక్కే పూట సలోమికి అన్నం సహించలేదు. జకరయ్య సార్ కూడా తిన్నట్టు లేదు.

టోపీలు పెట్టుకుని కూర్చున్న పెద్దలు, మార్కెట్లో బెండకాయ కొన విరిచి చూసినట్టు ఒక్కొక్క పిల్లనూ పరీక్షించారు. సలోమి వచ్చిన బంతినల్లా ఆపింది. చప్పట్లు కొట్టారు. తర్వాత గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచారు. చప్పట్లు ఆగిపోయాయి. తమకు పొడుగు కీపర్ కావాలని ఒకరి తర్వాత ఒకరు మర్యాదగానే చెప్పారు. ఆమె మీద ఎవరికీ కోపం లేదు, ఎవరి అవసరం వాళ్ళది.

వాళ్ళలో సుభాషిణి అనే మేడం మాత్రం, సలోమి గోల్‌లోంచి ఎడమకాలితో తన్నిన బంతి మైదానం మధ్య సరిగ్గా తోటిపిల్ల కాళ్ళ దగ్గర పడటం గమనించింది. ఇంతకుముందు ముందు వరసలో ఆడావా అని అడిగింది. తన జట్టుకు ఎడమవైపు ఆడే పిల్ల లేదనీ, ఆఖరి మ్యాచ్‌లో ఆడించి చూస్తాననీ చెప్పింది. సలోమి నన్ను ఎంత ఆత్రంగా లాగేసిందంటే ఒక వేలి కుట్టు ఊడిపోయింది. నన్ను సార్ చేతిలో పడేసి పరుగెత్తింది. నాకు కోపం రాలేదు.

మొదట కాస్త తడబడింది. తర్వాత ఎడమకాలికి బంతి అందింది. ఒకరిని తప్పించింది, ఇంకొకరిని తప్పించింది. మేడం కుర్చీలోంచి లేచింది. ఆ పిల్ల ఒక్క గోల్ కొడితే చాలు, నన్ను చెత్తబుట్టలో వేసినా సరేననుకున్నాను.

అంతలో కుడివైపునుంచి బంతి గాల్లో వచ్చింది. అవతలి కీపర్ కింద పడి ఉంది. గోల్ బార్లా తెరిచి ఉంది. నుదురు తగిలిస్తే చాలు. సలోమి కళ్ళు మూసుకోలేదు. రెండు చేతులూ చాచి ఆ బంతిని పట్టుకుని గుండెకు హత్తుకుంది, అచ్చం సార్ నేర్పినట్టు.

బంతిని చేత్తో ముట్టే హక్కు కీపర్‌కొక్కదానికే. ఈల మోగింది. మైదానమంతా పకపకా నవ్వింది. సలోమి చేతిలో బంతిని ఎవరో పెట్టి పోయినట్టు చూసింది. నవ్వనిది జకరయ్య సార్ ఒక్కడే. నన్ను పిడికిట్లో నలిపేస్తూ నిలబడిపోయాడు.

ఈ అలవాటు పోవాలంటే సమయం పడుతుందనీ, తమకు ఈ ఏడాదే మనిషి కావాలనీ మేడం నెమ్మదిగా చెప్పింది. సలోమిని ఎవరూ ఎంచుకోలేదు.

తిరుగు బస్సులో సార్ ఆమె వైపు తిరిగాడు. "నా జట్టు కోసం నీ ఆట తీస్కున్న బిడ్డా. నన్ను మాఫ్ చెయ్."

సలోమి కిటికీలోంచి చూస్తూనే ఉంది. "ఆదివారం మ్యాచ్ ఉంది గద సార్. గోల్ల ఎవరు నిలవడ్తరు?" అంది. తిట్టినా ఆయనకు అంత నొప్పి కలిగేది కాదు.

తర్వాత ఆమె ఒక బట్టల షాపులో పనికి కుదిరింది. రోజంతా నిలబడే పని. మోకాలి నొప్పి మొదలైంది. ఇక ఆడలేనని చెప్పి నన్ను తిరిగి ఇచ్చేయడానికి ఒక ఆదివారం మైదానానికి వచ్చింది. జట్టులో అప్పటికి అఖిల అనే కొత్తపిల్ల ముందు వరసలో ఆడుతోంది. పాదరసం లాంటి కాళ్ళు. గోల్‌కు ఎవరూ లేరని తెలియగానే, "నేను నిలవడ్త సార్" అంటూ ఆ పిల్లే చేతులు చాచింది.

సార్ నన్ను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఇవ్వలేడు, ఇవ్వకుంటే జట్టు లేదు. సలోమి ఆయన చేతిలోంచి నన్ను తీసుకుని మళ్ళీ తొడుక్కుంది.

"నువ్వు ముందలికి పో అఖిలా. గోల్ నేను చూస్కుంట" అంది.

షాపులో ఎవరితోనో సెలవు మార్చుకుని, మోకాలికి పట్టీ కట్టుకుని, ఆదివారం ఆదివారం వచ్చి గోల్‌లో నిలబడుతూ వచ్చింది. నా రబ్బరు పొరలు పొరలుగా లేచిపోయింది. బంతి తగిలినప్పుడల్లా ఆమె అరచేతులు ఎర్రబడేవి. కాపాడటానికి పుట్టి కాపాడలేకపోవడం ఎంత బాధో నాకు తెలుసు.

మొన్న ఆట మధ్యలో సార్ ఫోను మోగింది. వారం కింద ఆడించి చూసిన పెద్దలు, ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో అఖిలను మొదటి వంతులోనే తీసుకున్నారట. పిల్లలంతా కేకలు వేస్తూ మైదానం మధ్యకు పరుగెత్తి అఖిలను ఎత్తుకున్నారు. ఇవతల గోల్‌లో ఒంటరిగా నిలబడి సలోమి చప్పట్లు కొట్టింది. గ్లౌజులతో కొట్టే చప్పట్లకు చప్పుడుండదు, అటునుంచి ఎవరూ తిరిగి చూడలేదు. ఆమె నా వెనకవైపు గుడ్డతో కళ్ళు తుడుచుకుని, బంతి ఇటు పంపమని కేకేసింది.