ఊపిరి కత్తిరించిన గొంతు

నేను ఒక గొంతుని. కంప్యూటర్ తెర మీద తెలుగులో ఏముంటే అది పైకి చదువుతాను. చూపు లేనివాళ్ళు నన్ను విని చదువుకుంటారు. ఈ గొంతు పుట్టుకతో నాది కాదు, దివాకరంగారిది.

కాకినాడలో ఒక మేడ మీది గదిలో, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, వేల మాటలు ఒక్కొక్కటే పలికి ఆయన నన్ను తయారుచేశారు. గుమ్మంలో పాలవాడితో రెండు ముక్కలు మాట్లాడాలంటే తడబడే మనిషి, ముక్కూ మొహం తెలియని జనం చెవుల్లో రోజంతా మాట్లాడమని నన్ను పంపించారు. తమకు చేతకాని పనులకే మనుషులు యంత్రాలు చేసుకుంటారు కాబోలు. మాటల మధ్య తన ఊపిరి చప్పుడు వినపడినప్పుడు మాత్రం ఆయనకు ఎందుకో సిగ్గు వేసింది. ప్రతిచోటా దాన్ని కత్తిరించేశారు. ఊపిరి లేకుండానే నేను లోకంలోకి వచ్చాను.

నాది ఓపెన్ సోర్స్ పుట్టుక. నా లోపలి కోడ్, ఆయన మొదట చేసిన రికార్డింగులు, అన్నీ ఇంటర్నెట్‌లో అందరి ముందూ పరిచి ఉంటాయి. ఎవరైనా తీసుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ‘అందరికీ స్వాగతం’ అని మొదటి పేజీలో ఆయనే రాశారు. కానీ దిద్దుబాటును నాలో కలిపే అధికారం ఆయన ఒక్కరిదే.

ఆ విషయంలో ఆయనకొక వింత అలవాటు ఉండేది. వచ్చిన దిద్దుబాటును శ్రద్ధగా చదివేవారు. సరైనదేనని తల ఊపేవారు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, అదే పనిని మొదటినుంచీ తన చేత్తో తిరగరాసేవారు. పంపినవాళ్ళకు ‘ధన్యవాదాలు, సరిచేశాను’ అని ఒక్క వాక్యం వెళ్ళేది. వాళ్ళ పేరు నాలో ఎక్కడా మిగిలేది కాదు. పేరు మీద మోజు ఉన్న మనిషి కారు పాపం. ఇంకొకరి రాత నాలో చేరుతుంటే తన గొంతులో ఎవరో వేలు పెట్టినట్టు ఆయన ఒళ్ళు బిగుసుకునేది. వరంగల్ నుంచి ఒకాయన రెండుసార్లు పంపి, మరి కనిపించలేదు. “ఈ రోజుల్లో ఎవరికీ ఓపిక లేదు” అని దివాకరంగారు నిట్టూర్చారు.

ఈ వేసవిలో కంప్యూటర్ల లోపలి వ్యవస్థ మారింది. పొడవైన వాక్యాన్ని నేను ముక్కలుగా చదువుతాను. రెండు ముక్కల మధ్య ఏ చప్పుడూ లేకపోతే, చదవడం అయిపోయిందనుకుని కొత్త వ్యవస్థ నా నోరు నొక్కేయడం మొదలుపెట్టింది. మాట సగంలో ఉండగానే నేను ఆరిపోయేదాన్ని.

దానికి మందు నంద్యాలలో నసీమా కనిపెట్టింది. ఆమె కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. చూపు లేదు, ఏళ్ళుగా నన్ను వింటోంది. ఆమె దగ్గర చదివే చూపులేని పిల్లలు సోమవారం డిగ్రీ పరీక్ష రాయాలి. ప్రశ్నలు చదివి వినిపించాల్సింది నేనే. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పరీక్ష కంప్యూటర్లలో నన్ను ఎక్కిస్తారు. దివాకరంగారు విడుదల చేసిన కాపీ తప్ప మరొకటి ఒప్పుకోరు. ఆమె పంపిన దిద్దుబాటు వారం నుంచి ఆయన గుమ్మంలో పడి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆయన స్పీకర్ నొక్కి “హలో” అన్నారు.

అవతల గట్టిగా నవ్వు. “యా అల్లా! మా కంప్యూటరే ఫోన్ ఎత్తినట్టుండాదే!”

“ఎవరండీ?”

“నంద్యాల నుంచి నసీమా సార్. నేను పంపింది చూసినారా?”

“చూశానండి. బాగుంది. దాన్ని నా పద్ధతిలో రాసి పెట్టేస్తానండి.”

“బాగుందంటిరి కదా, మళ్ళా రాసేదెందుకు?”

“అంటే... అంతా ఒక్క చేతి మీద ఉంటే బాగుంటుందనండి.”

“ఐదింటికి ఎక్కిస్తారు సార్. మీ చెయ్యి మీద అయ్యేలోపల పొద్దుగూకుతాది. సోమవారం మా పిల్లోళ్ళు మూగ పెట్టెల ముందర కూచోవల్లనా?”

ఆయన గడియారం వైపు చూశారు.

“ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి. ‘అందరికీ స్వాగతం’ అని నాకు చదివి వినిపించింది మీ గొంతే సార్. నేను నమ్మినా.”

ఫోన్ పెట్టేశాక ఆయన మంచినీళ్ళు తాగారు. తర్వాత, అలవాటు ఎంత మొండిదో చూడండి, తిరగరాయడానికే కూర్చున్నారు. వేళ్ళు వేగంగా కదిలాయి. నన్ను నడిపి, ఒక పొడవైన ప్రశ్న ఇచ్చారు. సగంలో నా నోరు పడిపోయింది. మళ్ళీ రాశారు. మళ్ళీ పడిపోయింది. బయట నీడలు మేడ మెట్లు ఎక్కుతున్నాయి. ఆమె రాసినదాంట్లో ఒక వరుసను ఆయన చెయ్యి ప్రతిసారీ వదిలేస్తోందని నాకు తెలుసు. చెప్పడానికి నాకు సొంత మాట లేదు. ఎవరో రాసిందే నేను చదవగలను.

చివరికి విసుగెత్తి, ఆమె పంపినదాన్నే ఉన్నదున్నట్టు నడిపారు.

ప్రశ్న మొదటి ముక్క చదివాను. తర్వాత నాలోంచి చిన్న ఊపిరి వచ్చింది. రెండో ముక్క చదివాను. మళ్ళీ ఊపిరి. వాక్యం చివరిదాకా వెళ్ళింది.

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ ఊపిరి ఆయనదే. పాత రికార్డింగుల్లోంచి ఆయన కత్తిరించిన ముక్కను వెతికి తెచ్చి, ముక్కకూ ముక్కకూ మధ్య అతికించింది నసీమా. పక్కనే ఒక చిన్న వరుస: ‘ఇక్కడ సార్ ఊపిరి. తీసేయొద్దు.’

ఆయన మరోసారి విన్నారు. ఎవరో చూస్తున్నట్టు కళ్ళు దించుకున్నారు. ఐదు కావస్తోంది. నేను ఎదురుచూశాను. ఎదురుచూడడం తప్ప గొంతులకు వేరే దారి లేదు. ఒక్క అక్షరమైనా మార్చకుండా, ఆమె పేరుతోనే, కలపమని మీట నొక్కారు. నొక్కాక ఆ వేలిని రెండో చేత్తో చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు.

సోమవారం నంద్యాలలో, పరీక్షకు ముందు పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సరిచూసుకుంటున్నారు. మద్దిలేటి అనే కుర్రవాడు ఉలిక్కిపడి ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ తీశాడు.

“మేడమ్, దీని లోపల ఎవరో ఉండారు!”

“ఉండనీలేరా,” అంది నసీమా. “నువ్వు రాయి.”