మైకు దించాక

నరసింగరావు మైకు పట్టుకుంటే నిద్రపోతున్న సముద్రమైనా లేచి కూర్చుంటుందని ఆ ఒడ్డున పేరు. మొదట మెల్లగా మొదలుపెట్టి, గొంతు పెంచి, చప్పట్ల కోసం కాస్త ఆగి, ఇరవై ఏళ్లుగా మత్స్యకార సంఘం సభలన్నీ అలాగే ఊపేశాడు. జనాన్ని లేపడమే గానీ కూర్చోబెట్టడం ఆయన నేర్చుకోలేదు. ఎవరడిగారు గనుక?

ఆ సాయంత్రం అవసరం పడింది. పొద్దున వేటలో వలల గొడవ ముదిరి, పక్క ఊరివాళ్లు అసిరయ్య కొడుకు గంగులు తల పగలగొట్టారు. శ్రీకాకుళం ఆస్పత్రిలో కుర్రాడు ఇంకా కళ్లు తెరవలేదు. ఇక్కడ ఊరంతా తెడ్లు పట్టుకుని ఒడ్డు మీద నిలబడింది. పక్క ఊరి మీద పడి పడవలూ ఇళ్లూ తగలబెట్టాలని పంతం. ఆ ఊళ్లోనే నరసింగరావు కూతురు దేవి కాపురం చేస్తోంది.

"మావా, రెండు ముక్కలు సెప్పు. ఎలిపోతాం," అంటూ ముందు వరసలోని కుర్రాడు గోవింద్ ఆయన చేతిలో మైకు పెట్టాడు.

"అన్నదమ్ములారా, ఆగండి," అన్నాడు నరసింగరావు. పాత అలవాటున గొంతు పైకి లేచింది. జనం హోరెత్తారు.

"వద్దంటన్నాను," అని ఇంకా గట్టిగా అన్నాడు. హోరు రెట్టింపయింది. ఏమన్నా అగ్నికి ఆజ్యం పోసినట్టే ఉంది.

మైకు ఆపేసి ఇసుకలో పెట్టాడు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినబడక, ముందువాళ్లు వెనకవాళ్లను కసిరి నోరు మూయించారు.

"మా దేవి ఇల్లు ఒడ్డు నుంచి మూడోది," అన్నాడు మామూలు గొంతుతో. "ఆ ఇంటి కాడే మొదలెట్టండి."

"దాని పక్కది మా సెల్లి ఇల్లు," అంది ముందు నిలబడ్డ లక్ష్మణమ్మ. గోవింద్ తల దించుకున్నాడు. వాడి మేనత్త ఉండేదీ అక్కడే. అసలు ఈ రెండూళ్ల మధ్య పిల్లనివ్వని ఇల్లు గానీ తెచ్చుకోని ఇల్లు గానీ వెతికినా దొరకదు.

తెడ్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అసిరయ్య మాత్రం తన తెడ్డుతో వచ్చి నరసింగరావు ఎదురుగా నిలబడ్డాడు.

"నీ పిల్ల బాగుండాల. మరి నా కొడుకో?"

నరసింగరావుకి సిగ్గుతో కళ్లు నిండాయి.

"నీకు సెప్పడానికి నా కాడ మాట నేదు బావా."

అసిరయ్య తెడ్డు పారేసి, ఆయన రెక్క పట్టుకున్నాడు.

"మాటెవుడడిగినాడు? ఆస్పత్రికి రా. ఆడి కాడ కూకుందువు."