కుంగిన కమ్మీలు

కరువు ఏడాది గిద్దలూరు దగ్గర మద్రాసు సర్కారు పెట్టిన గంజి కేంద్రంలో మార్తమ్మ వంటమనిషి. గాడిపొయ్యి మీద అడ్డంగా రెండు లావుపాటి ఇనుప కమ్మీలు, వాటి మీద పెద్ద గంగాళం. తెల్లారింది మొదలు మధ్యాహ్నం దాకా మంట ఆరేది కాదు.

మూడో నెలలో ఒక ఉదయం, రోజూ తోసేపాటి కట్టెమొద్దు కమ్మీల కింద దూరలేదు. సన్నది వెతికి పెట్టింది. వారం తిరిగేసరికి సన్నదీ తట్టుకుంది. వంగి చూస్తే, ఎర్రగా కాలిన కమ్మీలు నడిమధ్యన కిందికి కుంగి ఉన్నాయి. అవి విరిగితే మరిగే గంగాళం ఒరిగిపోతుంది. పొయ్యి పక్కనే పిల్లలు గిన్నెలు పట్టుకొని కూచుంటారు.

కేంద్రం చూసే గుమాస్తా సంజీవరావుకు చెప్పింది.

"ఏంది మార్తమ్మా, మూడు నెల్లు మోసిన ఇనుము ఈ పొద్దు ఇరుగుతాదా? బరువేమన్నా పెరిగిందా?"

"బరువు పెరగలేదయ్యా. వంగేది మాత్రం ఆగలేదు."

ఆయన నవ్వి తన పనిలో పడ్డాడు. ఆ రోజు గంజి ఉడికినంతసేపూ ఆమె పిల్లల్ని వెనక్కి అదిలిస్తూనే ఉంది. మర్నాడు పొయ్యి వెలిగించలేదు.

అప్పటికే మూడు వందలమంది వచ్చి కూచున్నారు. "పిల్లోళ్లు ఏడుస్తాండారు, నీకు కనపడ్లేదా?" అని గొర్రెల కాపరుల ఇంటి ముసలామె శ్రీశైలమ్మ అరిచింది. సంజీవరావు పనిలోంచి తీసేస్తానన్నాడు. మార్తమ్మ అగ్గిపెట్టె కొంగున ముడేసుకొని, కమ్మరి నాగయ్యను పిలిపించింది.

నలుగురు పట్టి గంగాళం దించారు. నాగయ్య ఒక కమ్మీని బండ మీద పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. పుటుక్కున విరిగింది. విరిగినచోట ఇనుము బెల్లం రవ్వలా గరుకుగా ఉంది. రవ్వల సందుల్లో నల్లటి చీలికలు.

"చూడక్కా, ఇనుములోనూ గింజలుంటాయి. దినామూ కాలతా, బరువు మోస్తా, గింజ పక్కన గింజ రవ్వంత రవ్వంత జారింది. అట్లనే కుంగింది. ఆ సందుల్లోనే నెర్రెలు పడినాయి."

"ఈ పొద్దుకు నిలిచేదా?" అని మార్తమ్మ అడిగింది.

"నిలిచేదేమో. ఎట్ల చెప్పేది?"

సంజీవరావు రాళ్లు తెప్పించి, గంగాళాన్ని వాటిమీదే ఎక్కించాడు.

గంజి దిగేసరికి పొద్దు వాలింది. మార్తమ్మ వరస పొడుగునా శ్రీశైలమ్మ కోసం వెతికింది. చూసి చూసి ఒట్టి ముంతతో ఊరికి మళ్లిందని ఎవరో చెప్పారు. మార్తమ్మ గంజి ముంత పట్టుకొని ఆ దారిన పరుగులాంటి నడక నడిచింది. రెండో మైలురాయి దగ్గర ముసలామె కూలబడి ఉంది.

"ఇప్పుడా తెచ్చేది?" అంటూనే రెండు చేతులూ చాపింది.